గుల్లలు మోగించే ఐనార్

పెద్ద సరస్సు ఒడ్డున, మా రాగి గనుల ఊరు సువాంటోలో రివాల్వర్ పట్టిన ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు ఐనార్ కోస్కెలా ఇంటి మెట్లెక్కినవాడే. తలుపు తీసి ముందు మనిషి మొహం చూసే అలవాటు ఐనార్‌కి లేదు. చేతుల వంక చూస్తాడు. చేతిలో కాఫీ డబ్బా ఉంటే పక్కకి జరిగి దారిస్తాడు. డబ్బా లేకపోతే గుమ్మంలోనే నిలబెట్టి, ఏం కావాలో కనుక్కుని, అటు నుంచి అటే పంపేస్తాడు. ఇలాంటి మనిషికి స్నేహితులెలా ఉంటారు చెప్పండి. అయినా ఉన్నారు, ఆ డబ్బాల పుణ్యమా అని.

డబ్బాల్లో ఉండేవి కాల్చేసిన తూటాల గుల్లలు. తూటా పేలాక ముందున్న సీసం ఎగిరిపోతుంది, లోపలి మందు కాలిపోతుంది, ఇత్తడి గుల్ల మిగులుతుంది. దాన్ని పారేసేవాడు మావైపు లేడు. బాగుచేసుకుని, మళ్ళీ మందు పోసి, మళ్ళీ సీసం బిగించి వాడుకుంటారు. మందు పోసే పని మాత్రం ఎవరింట్లో వాళ్ళదే, దాన్ని తోడబుట్టినవాడి చేతిలో కూడా పెట్టరు. గుల్లల్ని సిద్ధం చేసే పని వేరు. అది విసుగు పని, మసి పని. చేతగాక కొందరు, ఓపిక లేక కొందరు దాన్ని ఐనార్ నెత్తిన పెట్టారు. ఆయన సంతోషంగా పెట్టించుకున్నాడు.

నేలమాళిగలో కిటికీ కింద ఆయన బల్ల. గుల్ల అడుగున పేలిపోయిన చిన్న బిళ్ళ ఒకటి ఉంటుంది, ప్రైమర్ అంటారు, దాన్ని సూదితో పొడిచి బయటికి తీస్తాడు. అది కూర్చున్న గుంటలో మసిని గీకేస్తాడు. ఎండిన మొక్కజొన్న కండెల పొట్టు నింపిన పీపాలో గుల్లల్ని వేసి మెరిసేదాకా తిప్పుతాడు. పేలినప్పుడు ఉబ్బిన ఒళ్ళుని అచ్చులోకి నొక్కి కొలతకి తెస్తాడు. సీసం దూరేందుకు మూతిని పిసరంత విప్పుతాడు. ఇలా విప్పుతూ బిగిస్తూ ఉంటే ఇత్తడికి మాత్రం ఓపిక ఎంతుంటుంది, ఒకరోజు మూతి దగ్గర వెంట్రుకంత చీలుతుంది. చీలిన గుల్ల సీసాన్ని పట్టి ఉంచదు, ఆ గుండు పోవాల్సిన చోటికి పోదు. గురి చూసి కొట్టే పందెంలో వారమంతా చేసిన సాధన ఆ ఒక్క గుల్లతో మట్టిపాలు.

ఆ చీలిక ఉత్త కంటికి ఆనదు. దాన్ని చెవితో పట్టాలి. గుప్పెడు గుల్లలు తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని, రెండు చేతుల మధ్య మెల్లగా కదిలించాలి. మంచివైతే గలగలమంటాయి. ఒక్కటి చీలి ఉన్నా ఆ మోతలో బొంగురు తగులుతుంది. అందరికీ తెలిసిన కిటుకే గానీ ఐనార్‌కి పట్టుబడినట్టు ఎవరికీ పట్టుబడలేదు. గుప్పెట్లో ఉన్నవాటిలో చీలింది ఏ వేళ్ళ మధ్య ఉందో కూడా చెప్పేసేవాడు. ఆయన దాటించిన డబ్బాలో చీలిన గుల్ల దొరికిందని ఊళ్ళో ఎవరూ అన్నది లేదు. ఆ సంగతి ఎవరూ పొగడక్కర్లేకుండానే ఆయన కడుపు నింపేది.

అలాంటి చెవుల్ని ఆయన ఎలా వాడుకున్నాడో కూడా వినండి. పడుచుతనం అంతా రాగి గనిలో డ్రిల్లు పట్టాడు. చెవులకి ఏదన్నా పెట్టుకుంటే ఆడంగివాడని నవ్వే రోజులవి. గని మూతపడ్డాక రోడ్ల మీద మంచు తోసే సర్కారు లారీ తోలాడు. గురువారం గురువారం పాత సహకార దుకాణం నేలమాళిగలో, ఇటుక గోడల మధ్య జరిగే గురి పందేల్లో, ఒట్టి చెవులతో రివాల్వర్ కాల్చాడు. ఇంత చేశాక చెవులు పాడవకుండా ఉంటాయని ఎలా అనుకున్నాడో ఆయనకే తెలియాలి.

చేతులు వణకడం మొదలయ్యాక కాల్చడం మానేశాడు. తర్వాత భార్య హెల్మి పోయింది. పిల్లల్లేరు. డబ్బాలు తెచ్చేవాళ్ళు కూడా ఒక్కొక్కరే తగ్గిపోయారు. కొందరు చచ్చిపోయారు, కొందరు కరెంటు యంత్రాలు కొనుక్కున్నారు. చివరికి మిగిలింది ఇద్దరు. క్లైడ్ ట్రెంబాత్ ఐనార్‌తో పాటు గనిలో పనిచేసినవాడు, నోటికి హద్దూ పద్దూ లేనివాడు. లొరేన్ ఊళ్ళో ఉత్తరాలు పంచే మనిషి, యాభై దాటింది, ఆ ఇద్దరికంటే బాగా కాలుస్తుంది.

శనివారం పొద్దున్న వీళ్ళిద్దరూ వస్తారు. కాల్చిన గుల్లలు ఇచ్చి, సిద్ధమైనవి పట్టుకుపోతారు. మధ్యలో కాఫీ, ఏలకుల రొట్టె.

"ఏరా ఫిన్లాండోడా, బతికే ఉన్నావా? చచ్చుంటే చెప్పు, పీపా నేను పట్టుకుపోతా," అనేవాడు క్లైడ్ గుమ్మంలోంచే.

"నువ్వు పోయాకే నేను పోయేది. నీ గుల్లలు చూసే ఖర్మ ఇంకెవడికీ పట్టకూడదు," అనేవాడు ఐనార్.

"విన్నావా లొరేన్, ఎంత ప్రేమో."

"మీ ఇద్దరూ పెళ్ళి చేసుకోవాల్సింది," అనేది లొరేన్, పంచదార బిళ్ళ పంటికింద పెట్టుకుని.

అంతే. గంటసేపు. వాళ్ళు వెళ్ళాక ఐనార్ మధ్యాహ్నం పెరట్లో ఆవిరిస్నానాల గది పొయ్యి రాజేసుకుని, ఒక్కడే కూర్చుని, కాగిన రాళ్ళ మీద ఒక్కడే నీళ్ళు చల్లుకుని వచ్చేవాడు. మళ్ళీ శనివారం దాకా ఆ తలుపు తట్టేవాళ్ళు లేరు. డబ్బాలు ఆగితే ఆ గంట కూడా ఆగిపోతుందని ఆయనకి బాగా తెలుసు. తెలిసే, ఆకులు రాలే రోజుల్లో జరిగిన సంగతిని ఎవరికీ చెప్పకుండా దాచాడు.

ఆ రోజు క్లైడ్ డబ్బా పీపాలోంచి తీసి గుప్పెడు గుల్లలు కదిలించాడు. బొంగురు. ఇంకో గుప్పెడు తీశాడు. అదీ బొంగురే. క్లైడ్ సీసం బిగించేటప్పుడు మూతుల్ని మరీ నొక్కేస్తాడని ఆయనకి ఎప్పటినుంచో అనుమానం. "వెధవ, ఇన్నిసార్లు చెప్పినా వినడు," అని తిట్టుకుంటూ గుప్పెడు తర్వాత గుప్పెడు పారేసే బాల్చీలో గుమ్మరించాడు. మొత్తం డబ్బా ఖాళీ అయింది. తర్వాత లొరేన్ డబ్బా తీశాడు. అవి నిన్నగాక మొన్న కొన్న గుల్లలు. అవీ బొంగురే. వాతావరణం చెమ్మగా ఉందేమో అనుకున్నాడు. పొట్టు లోపల అంటుకుందేమో అని ఒక్కొక్కటీ ఊదాడు. ఆఖరికి అరలోంచి పెట్టె విప్పని కొత్త గుల్లలు తీసి, సీలు చింపి, చెవి దగ్గర కదిలించాడు.

చెవిలో దూది కుక్కినట్టు, ఎక్కడో గోనెసంచిలో రాళ్ళు కదిలినట్టు వినపడింది.

ఐనార్ కుర్చీలో కూలబడ్డాడు. తర్వాత బాల్చీ బల్ల మీద బోర్లించి, ఏళ్ళ తరబడి పారేసిన చీలిన గుల్లల్లోంచి క్లైడ్ గుల్లల్ని, అడుగున వాడు గీసుకునే ఎర్రగీతని బట్టి ఏరడం మొదలుపెట్టాడు. భూతద్దం కింద ఒక్కొక్కటే చూస్తే సాయంత్రానికి తేలింది. మంచి ఇత్తడి అంతా తన చేత్తోనే చెత్తలో పోసుకున్నాడు. ఒకప్పుడు వేళ్ళ మధ్య చీలిందేదో చెప్పిన మనిషి ఆయన. ఎంత సిగ్గుపడ్డాడంటే, ఖాళీ ఇంట్లో కూడా తల ఎత్తలేకపోయాడు.

చెవి మెషీను లేక కాదు. హెల్మి పోరు పడలేక ఎప్పుడో చేయించాడు. అది పెట్టుకుంటే పొయ్యి రొదా, బల్ల కిర్రూ, తన ఊపిరీ అన్నీ కలిసి బుర్ర తినేసేవి, ఇత్తడి మోత మాత్రం మేకుల డబ్బాలా ఉండేది. తీసి సొరుగులో పడేశాడు. చెవులు పూర్తిగా పోలేదు కూడా. క్లైడ్ బొంగురు గొంతు వినపడుతుంది. లొరేన్ సన్నగొంతులో సగం మాటలు గాలికి పోతాయి, మిగతా సగం పెదాల్ని బట్టి కట్టుకుంటాడు.

ఆ శనివారం క్లైడ్ అడిగాడు, "ఈసారి ఎన్ని పోయాయిరా?"

"కొన్ని."

"కొన్నంటే?"

"కొన్నంటే కొన్నే. కాఫీ తాగు."

క్లైడ్ లొరేన్ వైపు చూశాడు. లొరేన్ రొట్టె కోసుకుంటోంది. ఐనార్ ఆ చూపుని పట్టించుకోలేదు.

అప్పటినుంచి ఆయన కంటితో, వేలితో పని మొదలుపెట్టాడు. దీపం కిందకి లాగి, భూతద్దం పెట్టి, ఒక్కొక్క గుల్ల మూతిని తిప్పి తిప్పి చూశాడు. చీలిక అంచుకి పోగు తగులుకుంటుందని దూది పింజతో మూతి లోపల చుట్టూ తుడిచాడు. ఒక్క పొద్దుటి పూట పని వారమంతా పట్టేది. మెడ పట్టేసేది. పొద్దున్న దిగినవాడు చీకటి పడేదాకా పైకి రాడు, అన్నం వేళ కూడా బల్ల దగ్గరే మాంసం కూరిన చల్లారిన రొట్టె తింటాడు. హెల్మి ఉంటే మెట్ల మీంచి కేకేసేది. ఇప్పుడు కేకేసేవాళ్ళూ లేరు, కేకేసినా వినపడేదీ లేదు. అయినా శనివారానికి రెండు డబ్బాలూ నిండేవి. అదొక్కటే ఆయనకి కావాల్సింది.

చలికాలం ముదిరి, పెద్ద సరస్సు మీంచి వచ్చే మంచు కిటికీల సగందాకా లేచిన రోజుల్లో, ఒక శనివారం లొరేన్ సిద్ధమైన తన డబ్బా వరండా బల్ల మీద మర్చిపోయి వెళ్ళింది. గురువారం దాకా ఐనార్ దాన్ని గమనించలేదు. గమనించాక ఊరుకోలేకపోయాడు. వచ్చే పందేనికి మందు పోసుకోవడానికి ఆమెకి గుల్లలు చాలవేమో, ఆ సాయంత్రం ఆమె ఎలాగూ పందెం దగ్గరే ఉంటుంది. కోటు తొడుక్కుని, దారిలో మంచు తోసుకుని, బండి తీశాడు. సహకార దుకాణం నేలమాళిగలో అడుగుపెట్టి చాలాకాలమైంది. క్లైడ్ ఏమంటాడో ముందే ఊహించుకున్నాడు, దానికి జవాబు కూడా దారిలోనే తయారు చేసుకున్నాడు. ముసలాడు ఎంత సంబరపడ్డాడో చెప్పలేను.

మెట్లు దిగుతుంటే మందు వాసన, తడి ఉన్ని వాసన కలిసి కొట్టాయి. సగం మెట్ల దగ్గర ఆగాడు.

కింద, మెట్ల పక్కనున్న బల్ల దగ్గర లొరేన్, క్లైడ్ ఎదురెదురుగా కూర్చున్నారు. వాళ్ళ మధ్య ఆయన పంపిన క్లైడ్ డబ్బా మూత తీసి ఉంది. లొరేన్ గుప్పెడు గుల్లలు చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా కదిలిస్తోంది. ఆగింది. ఒకటి తీసి క్లైడ్‌కి ఇచ్చింది. క్లైడ్ దాన్ని పక్కనున్న మూతలో వేశాడు. మూతలో అప్పటికే ఇంకొన్ని ఉన్నాయి. మళ్ళీ గుప్పెడు తీసింది.

వాళ్ళు నవ్వుకుంటూ ఉంటే ఐనార్‌కి నయంగా ఉండేది. వెళ్ళి నాలుగు తిట్టేవాడు. వాళ్ళు నవ్వడం లేదు. రోజూ గిన్నెలు కడిగే మనుషుల్లా, మాటల్లేకుండా, అలవాటుగా చేసుకుపోతున్నారు. ఇది ఇవాళ మొదలైన పని కాదని ఆ తీరు చూస్తేనే తెలిసిపోయింది. ఐనార్ డబ్బాని మెట్టు మీద చప్పుడు కాకుండా పెట్టి, మెట్ల పక్క కమ్మీ పట్టుకుని వెనక్కి ఎక్కేశాడు. చప్పుడు అయిందో లేదో ఆయనకి ఎలా తెలుస్తుంది పాపం. ఎవరూ తల ఎత్తలేదు.

మెట్టు మీద డబ్బా వాళ్ళకి దొరకనే దొరికింది. శనివారం ఇద్దరూ వచ్చి, తేలు కుట్టిన దొంగల్లా గుమ్మంలో నిలబడ్డారు. క్లైడ్ నోట కూడా హాస్యం లేదు.

"లోపలికి రండి," అన్నాడు ఐనార్. కాఫీ పొయ్యలేదు. "ఎప్పటినుంచి?"

లొరేన్ ఏదో అంది. ఆయనకి అందలేదు.

"నువ్వు చెప్పు," అన్నాడు క్లైడ్‌తో.

క్లైడ్ టోపీ తీసి చేతుల్లో నలిపాడు. "హెల్మి ఉన్నప్పటినుంచీరా."

"అబద్ధం."

"నీతో అబద్ధమాడి నాకేం వస్తుంది? శుక్రవారం రాత్రి నువ్వు నిద్రపోయాక హెల్మి కిందకి దిగి డబ్బాలు మళ్ళీ మోగించి చూసేది. తప్పినవి తీసేసేది. ఆసుపత్రిలో పడ్డాక మా ఇద్దర్నీ పిలిచి చెప్పింది. వాడికి తెలియనివ్వకండి, ఆ పని లేకపోతే మనిషి ఉండడు అంది. నేనేం చెయ్యను? ఆవిడ మాట కాదంటానా?"

ఐనార్‌కి హెల్మి మీద కోపం వచ్చింది. పోయిన మనిషి మీద కోపం ఎటు చూపించాలో తెలియక వీళ్ళ మీద చూపించాడు.

"ఇన్నాళ్ళూ నాకు బొమ్మలిచ్చి ఆడించారన్నమాట. చంటిపిల్లాణ్ణి."

"పెద్దాయనా, అలా కాదు," అంది లొరేన్, ఈసారి గట్టిగా. "మీరు తీసినవే ఎక్కువ. మాకు మిగిలేవి ఒకటో రెండో."

"మూతలో ఉన్నవి నేను చూశాను. ఒకటీ రెండూ కాదు. ఇక తేవద్దు. మీ డబ్బాలు మీరే చూసుకోండి."

"ఒరేయ్, మొండి వేషాలు వెయ్యకు," అన్నాడు క్లైడ్.

"పొమ్మన్నాను."

క్లైడ్ మొహం ఎర్రబడింది. టోపీ పెట్టుకున్నాడు. "పొమ్మన్నాక నీ గుమ్మం తొక్కితే నా పేరు క్లైడ్ కాదు," అనేసి మెట్లు దిగిపోయాడు. వాడూ తక్కువవాడేం కాదు, అలిగితే ఏళ్ళు అలుగుతాడు. లొరేన్ తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.

మరుసటి శనివారం ఎవరూ రాలేదు. ఆ తర్వాతి శనివారమూ రాలేదు. ఐనార్ రెండుసార్లూ ముగ్గురికి సరిపడా కాఫీ పెట్టాడు. ఎందుకు పెట్టావని అడిగితే చేతి అలవాటని చెప్పి ఉండేవాడు, అడిగేవాళ్ళు ఉంటే కదా. బేకరీ నుంచి తెచ్చిన ఏలకుల రొట్టె ఎండిపోయి, పిట్టలకి వేశాడు. నేలమాళిగలోకి దిగి ఖాళీ బల్ల ముందు కూర్చున్నాడు. ఉత్త పొట్టుతో పీపా తిప్పాడు కూడా. వాళ్ళు తట్టినా తనకి వినపడలేదేమో అనే అనుమానం ఒకటి పట్టుకుంది. గుమ్మం ముందు మంచులో అడుగులున్నాయేమో అని వెళ్ళి చూశాడు. లేవు. మనసు పూర్తిగా కుంగిపోయింది. పొమ్మన్నది తనే, ఎవరిమీద ఏడవాలి?

ఆ తర్వాతి శనివారం ఆయన కుర్చీ ముందుగదిలోకి, తలుపుకి ఎదురుగా జరుపుకున్నాడు. అద్దంలోంచి దారి కనపడుతుంది. మంచు పడుతూ ఉంది. లొరేన్ బండి వచ్చి ఆగడం చూశాడు. ఆమె తట్టక ముందే తలుపు తీశాడు.

అలవాటు చొప్పున ముందు ఆమె చేతుల వంకే చూశాడు. చేతులు ఖాళీగా ఉన్నాయి.

"ఊరికే చూసిపోదామని వచ్చాను," అంది.

కాఫీ పోసి, రొట్టె ముందు పెట్టాడు. ఎదురెదురుగా కూర్చున్నారు. ఎన్నో ఏళ్ళుగా ఎరిగిన మనుషులు, కానీ మధ్యలో డబ్బా లేకుండా ఎప్పుడూ కూర్చోలేదు. ఆమె రోడ్డు గురించి ఏదో అంది. ఆయన, "అవును, బేకరీదే," అన్నాడు. ఆమె రొట్టె వంక చూసి, సరిదిద్దకుండా తల ఊపింది. ఆ తల ఊపడం చూసి తను తప్పు జవాబు చెప్పానని ఆయనకి అర్థమైంది. క్లైడ్ ఎలా ఉన్నాడని అడిగాడు. ఆమె భుజాలు ఎగరేసింది. కాఫీ సగంలో ఉండగానే ఆమె లేచి కోటు బొత్తాలు పెట్టుకుంది. ఇలా మరో రెండుసార్లు వస్తుంది, తర్వాత పని పడుతుంది, తర్వాత రాదు. ఆయనకి అదంతా కళ్ళకి కట్టింది.

ఆమె తలుపు పిడి మీద చెయ్యి వేసింది.

"డబ్బా ఎక్కడ?" అన్నాడు ఐనార్.

ఆమె వెనక్కి తిరిగింది.

"నీ డబ్బా. ఏదీ?"

"బండిలో ఉంది," అంది, పెదాలు కనపడేలా మెల్లగా. "మీరు మెట్టు మీద పెట్టి వెళ్ళినదే. మోగించడమే మిగిలింది."

"తీసుకురా."

ఆమె కదల్లేదు. ఐనార్ బల్ల వంక చూస్తూ మాట్లాడాడు. మనిషి మొహం చూసి చెప్పగలిగే మాట కాదది.

"నాకు వినపడదు లొరేన్. ఒక్కటి కూడా వినపడదు. నేను దాటించినవాట్లో చీలినవి ఉంటాయి, నాకు తెలుసు. ఆ దుకాణం నేలమాళిగలో నా వెనకాల చెయ్యకు. ఇక్కడ చెయ్యి. నా ముందు కూర్చుని మోగించు. శుభ్రం చెయ్యడం, నొక్కడం నేను చేస్తాను, అది ఇంకా చేతనవును. ఇదొక్కటీ నువ్వు చెయ్యి." బల్ల మీద రొట్టె పొడిని వేలితో పక్కకి నెట్టాడు. "నాకు ఈ ఇంట్లో ఒక్కణ్ణీ ఉండటం చేతకావడం లేదు."

లొరేన్ బండి దగ్గరికి వెళ్ళి డబ్బా తెచ్చింది. కోటు విప్పకుండానే కూర్చుని, గుప్పెడు గుల్లలు తీసి చెవి దగ్గర పెట్టుకుని కదిలించింది. గదిలో ఆయనకి ఏ చప్పుడూ లేదు. ఆమె కళ్ళ వంక చూస్తూ కూర్చున్నాడు. ఒక గుప్పెడు అయింది, పక్కన పెట్టింది. ఇంకొకటి అయింది. మూడో గుప్పెట్లో ఆమె కనుబొమలు ఒక్క పిసరు దగ్గరికి వచ్చాయి.

ఐనార్ చెయ్యి చాచాడు. ఆమె అందులోంచి ఒక గుల్ల ఏరి ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన దాన్ని వెలుతురు వైపు తిప్పి చూసి, పక్కన పెట్టి, మళ్ళీ ఆమె మొహం వంక చూశాడు.